తడిసినా మోగే ఇటుక

సకీనాబీ ఇటుకలు నీళ్లకు కరిగిపోయి దవాఖాన గోడ కూలిందని మా ఊరు చెప్పుకుంది. అది అబద్ధం. ఆ మాట మొదట అన్న మనిషికి, అంటున్నప్పుడే అది అబద్ధమని తెలుసు. అయినా అది ఊరు దాటింది, మహబూబాబాద్ అంగట్లో తిరిగింది, కురవి జాతరలో బండ్ల కింద కూర్చున్న వాళ్ల నోళ్లలో నానింది. చివరికి ఒక మనిషి బతుకుతెరువును మింగింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేనింకా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. ఈ పొద్దున మేస్త్రీ ఇటుకల కుప్ప మీద పైపుతో నీళ్లు పట్టాడు. ఎండిన ఇటుక నీళ్లు తాగేటప్పుడు సన్నగా బుస్సుమంటుంది. దానితో పాటు ఒక వాసన లేస్తుంది. వాన పడ్డ మట్టి వాసనలాగే ఉంటుంది గానీ, అందులో ఆరిపోయిన మంట కూడా ఉంటుంది. చేతిలో చాయ్ గ్లాసుతో గోడ దగ్గర నిలబడిపోయాను. మా కోడలు వచ్చి, "మామా, చాయ్ సల్లారిపోతంది, ఇటుకలతోటి ముచ్చట పెడుతున్నవా ఏంది?" అన్నది. ఒక రకంగా అదే చేస్తున్నాను. ఆ వాసన వస్తే నా వయసు వెనక్కి పోతుంది. కురవి తొవ్వలో ఇటుకల బట్టీ ముందు, నల్ల గొడుగు కింద, విరిగిన ఇటుకల దిమ్మ మీద కూర్చున్న సకీనాబీ కనబడుతుంది. ఆమెను మేమంతా అక్కలాగా ఆపా అని పిలిచేవాళ్లం.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తర్వాత చదువంతా దుకాణం పొట్లాలు విప్పి, గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి నాకు నేను నేర్చుకున్నది. మనుషులను, వస్తువులను ఎట్లా పరీక్షించాలో మాత్రం నేనుగా నేర్చుకోలేదు, ఆపా నేర్పింది. భర్త పోయాక అందరూ బట్టీ అమ్మేయమంటే, అమ్మకుండా తానే నడిపిన మనిషి ఆమె. వినయం ఆమె దగ్గర వెతికినా దొరికేది కాదు. "మానుకోట చుట్టుముట్టు నా ఇటుకను మించింది ఉంటే తెచ్చి సూపియ్యి, నా గొడుగు నీకిస్త" అని వచ్చినవాళ్లతో పందెం కట్టేది. మహబూబాబాద్‌ను మేము ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఆ గొడుగు చివరిదాకా ఆమె దగ్గరే ఉన్నది.

నేను పనికి చేరిన రోజే నాకు పరీక్ష పెట్టింది. మా బట్టీ ఇటుకలతో పాటు వేరేచోట నుంచి తెప్పించిన ఇటుకలు కూడా కొన్ని అక్కడ పోసి ఉన్నాయి. "దీంట్లకెల్లి అన్నిటికన్న మంచిది ఒకటి తే" అన్నది. నేను చాలాసేపు ఏరి, కుంకుమలాంటి ఎర్రటి ఇటుక తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు. గేటు దగ్గరున్న సిమెంటు తొట్టిలో వేసింది. అది బుడబుడమని బుడగలు వదిలింది.

మధ్యాహ్నం సద్ది తిన్నాక, "పో, నీ పెండ్లిపిల్లను పట్కరా" అన్నది. తొట్టిలో చెయ్యి పెట్టి ఎత్తాను. ఇటుక మూల నా వేళ్లలోనే మిగిలింది. నీళ్లు ఎర్రగా మారాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆమె మాత్రం నవ్వలేదు.

"రంగు సూసి తెచ్చినవ్. తెచ్చినవా లేదా?"

"ఎర్రగున్నది గద ఆపా. కాలిందనుకున్న."

"ఎరుపు మన్నుది, కొమురయ్యా. కాలుడు మంటది. బయ్యారం దిక్కు మన్నుల ఇనుము ఉంటది, అది పొయ్యిల పడకముందే ఎర్రగుంటది. సగం కాలినా ఎర్రగనే ఉంటది. మన దిక్కోళ్లు అందరు గిక్కడనే మోసపోతరు."

అది నిజంగా మా ప్రాంతం వాళ్లకే ప్రత్యేకమైన పొరపాటు. వేరేచోట ఎరుపు చూసి ఇటుక కొంటే చాలావరకు నష్టపోరు. మా దగ్గర ఇనుప రాయి నేల. అక్కడి మట్టి పుట్టుకతోనే ఎరుపు. ఆపా ఇటుకలకు చెరువు ఒండ్రు కలిపేవారు. అందుకని అవి కాస్త మాసిన రంగులో, గోధుమ రొట్టె అడుగులాగా ఉండేవి. కొత్తవాళ్లు చూసి పెదవి విరిచేవారు. ఆమె వాళ్లతో వాదించేది కాదు, తొట్టి చూపించేది.

ఆ తొట్టి దగ్గర ఒక రివాజు ఉండేది. కొననీకి వచ్చినవాళ్లు తామే కుప్ప మధ్యలోంచి రెండు ఇటుకలు లాగాలి. పైవి కాదు, మధ్యవి. వాటిని తొట్టిలో వేయాలి. అవి నానుతున్నంతసేపు ఆమెతో కూర్చుని చాయ్ తాగాలి. తర్వాత తడి ఇటుకలను ఒకదానికొకటి తట్టాలి. కంచు గ్లాసులు తగిలినట్టు మోగితేనే బేరం. బద్దుమంటే, లారీ ఖాళీగా పంపేది. ఒకసారి కురవి నుంచి వచ్చిన రైతు విసుగుపడ్డాడు.

"ఆపా, ఇటుకకొచ్చినమా, చాయ్‌కొచ్చినమా? ఎండిన ఇటుకనే కొట్టి సూడరాదు, అదీ మోగుతది గద."

"అరె, ఎండల అందరు మంచోళ్లే తమ్మీ. నాలుగు దినాలు వాన పడ్డంక అడగాలె. నీ ఇల్లు ఎండల ఉంటదా, వానల ఉంటదా?"

"రెండిట్ల ఉంటది."

"మరి వానకు జవాబు చెప్పేదే తీస్కపో. బైఠో, చాయ్ తాగు."

అన్నీ ఒకే ఇటుకలని ఆమె ఎన్నడూ అమ్మలేదు. బట్టీ అంచున మంట సరిగా తగలనివి వేరే కుప్ప. వాటిని లోపలి అడ్డగోడలకే ఇచ్చేది, బయటి గోడకు పెడతానంటే ఇచ్చేది కాదు. మాడి నల్లబడి వంకర పోయినవి ఇంకో కుప్ప. అవి గట్టివే గానీ సిమెంటు పట్టదు, తొవ్వలకు పరుచుకోమని చెప్పేది. ఇటుకను గోరుతో గీస్తే గీత పడకూడదు. విరగ్గొడితే లోపలా బయటా ఒక్క రంగే ఉండాలి. లోపల తెల్లటి సున్నపు గులక కనబడితే ఆ కుప్పనంతా అనుమానించేది. "ఇయ్యాల ఊకుంటది. తడి తాకినంక ఉబ్బి గోడను పలగ్గొడ్తది" అనేది. చౌడు మట్టి లారీ వస్తే, నాలుక మీద కొంచెం వేసుకుని ఉమ్మేసి, వెనక్కి పంపేది. ఈ పరీక్షలన్నీ ఆమె కనిపెట్టినవి కావు, చాలామందికి తెలుసు. తెలిసి, నష్టమొచ్చినా ప్రతిసారీ చేయడమే ఆమె గొప్ప.

ఆమె ఇటుకకు ఒక గుర్తు ఉండేది. భర్త పోయినప్పుడు చేతి నుంచి తీసేసిన ఇత్తడి గాజును సగానికి కోయించి, ప్రతి అచ్చు అడుగు చెక్కకు అలాంటి వంపు ముక్కనే కొట్టించింది. అందువల్ల ఇటుక మీద పడే చిన్న గుంటలో సగం గాజు ముద్ర పడేది. చూసినవాళ్లు నెలవంక అనుకునేవాళ్లు. నేనూ అట్లాగే అనుకుని ఒకరోజు ఆమెతో అన్నాను. ఆమె చేతిలో మిగిలిన సగం గాజును తిప్పుతూ, "చంద్రుడు అందరికీ ఉంటడు కొమురయ్యా. గిది నాదొక్కదానిదే" అన్నది.

ఇక ఆ దవాఖాన. మా ఊరికి చిన్న దవాఖాన మంజూరైంది. ముందు గది, వెనక కాన్పుల గది. కాంట్రాక్టర్ పేరు వీరస్వామి. జనగామ మనిషి, మాట మంచివాడు, నవ్వు ఇంకా మంచిది. మొదట్లో మా బట్టీ నుంచే ఇటుకలు తీసుకున్నాడు. తొట్టి దగ్గర చాయ్ కూడా తాగాడు. ఆ ఇటుకలతో ముందు గదికి వాగు వైపు గోడ లేచింది. అక్కడిదాకా రాగానే మా దగ్గరికి రావడం మానేశాడు. మిగతా పనికి ఎక్కడి నుంచో రాత్రిళ్లు ఎర్రటి ఇటుకలు దిగాయి. ఆపాకు సంగతి చెప్తే, "వాని ఇష్టం. వాన కూడ సూస్తది" అన్నది.

వాన చూసింది. వాగు పొంగి దవాఖాన చుట్టూ నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కాన్పుల గది వెనక గోడ కూలింది. అప్పటికి లోపల ఎవరూ లేరు. బాలింతను ఆ పొద్దున్నే ఇంటికి పంపారు. నేను వెళ్లి చూసేసరికి ఎర్రటి బురద కుప్ప. ఇటుకను ఎత్తితే పిండిలాగా జారింది. వాగు నేరుగా తాకిన వైపు గోడ మాత్రం చెక్కుచెదరలేదు.

చేతులు కడుక్కోకుండానే పంచాయతీ దగ్గరికి పోయాను. వీరస్వామి అప్పటికే అక్కడున్నాడు. "నేనేం జేత్తును? సకీనాబీ ఇటుక గదా అని నమ్మి తెచ్చిన. పచ్చి ఇటుక కట్టబెట్టింది" అంటున్నాడు. జనం నమ్మారు. వాళ్లు చూసినవి మా లారీలే. పైగా ఆమె పేరు పెద్దది, ఎర్ర ఇటుక మంచిది, కాబట్టి ఎర్రవి ఆమెవే అయి ఉంటాయని వాళ్ల లెక్క. నేను అరిచాను. "అన్నా, కూలిన దాంట్ల గాజు గుర్తున్న ఇటుక ఒక్కటి సూపియ్యి."

వీరస్వామి తల కూడా తిప్పలేదు. "ఇటుకే కరిగింది. గుర్తు కరగదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అబద్ధానికి అంత చక్కటి తలుపు దొరికితే నిజం ఎటు నుంచి లోపలికి వస్తుంది?

ఒక దారి ఉంది. నిలబడ్డ గోడను కొంత పగలగొడితే గుర్తులు బయటపడతాయి. బట్టీకి వచ్చి గునపం తీసుకున్నాను. ఆపా లేచి నా ముందర నిలబడింది.

"యాడికి?"

"గోడ పలగ్గొట్టి నీ గుర్తు అందరికి సూపిస్త."

"ఆ ఒక్క గోడనే గట్టిగ నిలబడ్డది. దాన్ని కూడ పడగొట్టి నా పేరు నిలబెట్టుకోవాల్నా? రేపు నొప్పులొచ్చిన ఆడిమనిషి యాడ పండాలె?"

"మరి నీ పేరు?"

"గోడల ఉన్నది. ఉండనియ్యి. గునపం పెట్టు."

ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. నాకు కోపం ఆగలేదు. ఆ కోపం ఆమె మీదా, ఊరి మీదా, నా మీదా ఒక్కసారే వచ్చింది. కానీ గునపం పెట్టేశాను. దవాఖాన ముందు గదిలోనే కాన్పులు జరిగాయి. ఆ గోడ పక్కన పుట్టినవాళ్లు పెరిగి, "సకీనాబీ ఇటుక లెక్క కరిగిపోయిండు" అని ఆటల్లో ఒకరినొకరు వెక్కిరించుకోవడం నేను విన్నాను.

బేరాలు పడిపోయాయి. రెండు కార్తెలు గడిచేసరికి బట్టీ ఆరింది. చివరి కుప్ప ఎవరూ కొనకుండా ఉండగా, ఒకరోజు జనగామ నుంచి లారీ వచ్చింది. డ్రైవర్‌ను ఎవరికని అడిగితే, "నాకెరుక లేదన్నా, తెమ్మన్నరు, తీస్కపోతున్న" అన్నాడు. ఆమె ఆ రోజు కూడా రివాజు తప్పనివ్వలేదు. డ్రైవర్ చేతనే ఇటుకలు లాగించి, నానబెట్టించి, చాయ్ తాగించి, తట్టించింది. అవి మోగాయి. లారీ కదిలాక గొడుగు మడిచి, "ఎవడో గనీ, ఇటుక తెల్సినోడు" అన్నది. తర్వాత కొన్నేళ్లకే పోయింది. ఆమె పోయిన రోజు జనాజా వెనక మా ఊరి నుంచి నడిచింది నేనొక్కణ్ణే.

ఈ మధ్య పాత దవాఖానను తీసేసి కొత్తది కట్టాలని వచ్చారు. ఇంజనీరు పేరు లావణ్య, భూపాలపల్లి అమ్మాయి. ఆమెతో పాటు లారీలో బూడిద రంగు ఇటుకలు దిగాయి. బొగ్గు కాల్చిన బూడిదతో చేసినవి, బట్టీ ముఖం చూడనివి. నేను కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

"బిడ్డా, ఒకసారి మా ఊరికి పచ్చి ఇటుక పెట్టిండ్రు. మల్ల గిదేంది, బూడిద తెచ్చినవ్? కాల్చకుంట ఇటుకెట్లయితది?"

ఆమె చిరాకుపడలేదు. "రంగు చూసి అంటున్నవా తాతా, పరీక్ష చేసి అంటున్నవా?"

కర్ర దించాను. ఆపా బతికుంటే నా నెత్తిన గొడుగుతో కొట్టేది. ఎరుపు చూసి మోసపోయినవాణ్ణి, ఇప్పుడు బూడిద రంగు చూసి అదే తప్పు తిరగేసి చేస్తున్నాను. "తొట్టి ఉన్నదా?" అన్నాను. డ్రమ్ము ఉన్నదన్నది. కుప్ప మధ్యలోంచి నేనే లాగి వేశాను. మరునాడు పొద్దున తీసి గోరుతో గీశాను, మూలలు నలిపి చూశాను, నడుము ఎత్తు నుంచి వదిలాను. పగల్లేదు. ఆమె నానకముందు, నానాక తూకం వేసి, ఎంత నీళ్లు తాగిందో చూపించింది. తొట్టి పరీక్షకు అది అక్క వరుస పరీక్ష. కాల్చిన ఇటుకంత కమ్మగా మోగకపోయినా, గట్టిది గట్టిదే. ఒప్పుకున్నాను.

అప్పుడే వెనక నుంచి జేసీబీ డ్రైవర్ కేకేశాడు. "మేడం, గీ వాగు దిక్కు గోడ ఏంది, మొండి పట్టు పడుతంది. మిగిలిందంత ముట్టుకుంటెనే రాలిపాయె."

నేను ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. విరిగిన గోడలోంచి ఇటుకలు దొర్లాయి. ఒకదాని మీది సున్నం చేత్తో రాల్చాను. సగం గాజు. ఇంకోటి తీశాను. సగం గాజు. ఆ గోడలో చేతికి అందిన ప్రతి ఇటుకలో ఆమె గాజు ఉంది. కూలిన గోడ మొదట్లో మిగిలిన ఎర్రటి ఇటుకలను కూడా లావణ్య తవ్వించింది. వాటిలో గుర్తు లేదు, గుర్తు కోసం వేసిన గుంటే లేదు. కరగడానికి అక్కడ ముద్ర ఎన్నడూ పడలేదు. ఊరంతా గుమిగూడింది. రెండు రకాలనూ డ్రమ్ముల్లో వేయించాను. ఎర్రవి బురదయ్యాయి. ఇన్నేళ్లు వాగు తాకిడి తిన్న ఆపా ఇటుకలు, తడిసి, నా చేతుల్లో గణగణ మోగాయి. పంచాయతీ ముందు నవ్వినవాళ్లలో బతికున్న ఒకాయన దగ్గరికొచ్చి, "నేనొకసారి కొట్టి సూత్త, ఇయ్యరాదు కొమురన్నా" అని చేతులు చాచాడు.

అయినా నాకు సగమే నిండింది. అబద్ధం పుట్టిన నోరు ఇంకా బతికే ఉంది. రెండు ఇటుకలు తువ్వాలలో చుట్టి, సంచిలో వేసుకుని, మహబూబాబాద్‌లో రైలెక్కాను. పక్కనాయన సంచి జరపబోయి, "తాతా, ఏందిది, గింత బరువు?" అన్నాడు.

"ఇటుకలు."

"జనగామల ఇటుకలు దొరుకుతలేవా?"

"దొరుకుతయి. ఇసొంటియి దొరకయి."

కాజీపేటలో మారి జనగామలో దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. వీరస్వామి వరండాలో కుర్చీలో ఉన్నాడు. చేతికర్ర, మసకబారిన కళ్లు. గొంతు విని గుర్తుపట్టాడు. నా చేతిలోని ఇటుకలను తడిమి, "ఇన్నేండ్లకు నన్ను కొట్టనీకి వచ్చినవా?" అన్నాడు.

"కొట్టనీకి కాదు, నానబెట్టనీకి. బకీట నీళ్లు తెప్పియ్యి. దవాఖాన గోడ విప్పిండ్రు, ఇవి వాగు దిక్కువి. నువ్వు కరిగినయన్న ఇటుకలు."

ఆయన వేలితో ఇటుక మీది సగం గాజును తడిమాడు. తర్వాత లోపలికి చూసి బకెట్ తెమ్మన్నాడు. "చాయ్ తాగుతవా?"

"తాగాలె. అది ఆమె రివాజు."

గోడకు వీపు ఆనించి అరుగు మీద కూర్చున్నాను. చాయ్ తాగినంతసేపు ఇద్దరం బకెట్ వైపే చూశాం. బుడగలు ఆగిపోయాయి. ఇటుకలు తీసి, తడి కారుతుండగానే, ఆయన చెవి దగ్గర తట్టాను. మళ్లీ తట్టాను. ఆయన ఏమన్నాడో చివర చెప్తాను. దాని తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది ఊరందరిదీ, ఆ జవాబు మాత్రం నాదీ ఆపాదీ.

కొత్త దవాఖాన పునాది పడే రోజు వీరస్వామి కర్ర పట్టుకుని మా ఊరికి వచ్చాడు. అందరి ముందు మైకు తీసుకుని ఒప్పుకున్నాడు. లావణ్య కొత్త గోడ తలుపు పక్కన, బూడిద ఇటుకల మధ్య, ఆపా ఇటుక ఒకటి పెట్టించింది, గుర్తు బయటికి కనబడేట్టు, ప్లాస్టరింగ్ చేయకుండా. కాన్పుకు వచ్చినవాళ్లు లోపలికి పోతూ దాన్ని చేత్తో తాకుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు. "సకీనాబీ ఇటుక లెక్క" అనే మాట ఇప్పటికీ మా ఊరిలో ఉంది, అర్థం మాత్రం తిరగబడింది. మొన్న ఒక ముసలమ్మ తన మనవణ్ణి చూపించి, "వీడు సకీనాబీ ఇటుక, ఎన్ని వానలొచ్చినా ఏం గాడు" అన్నది.

నాకు మిగిలింది ఆ తొట్టి. బట్టీ దగ్గర నుంచి ఎడ్లబండి మీద తెచ్చుకున్నది, మా వాకిట్లో ఉంది. పక్క స్థలం మేస్త్రీని పిలిచి, కుప్ప మధ్యలోంచి రెండు ఇటుకలు లాగమన్నాను. అవి ఇప్పుడు నానుతున్నాయి, మా కోడలు మళ్లీ చాయ్ పెడుతోంది. మనిషైనా, మాటైనా, ఇటుకైనా, చూడగానే ఎర్రగా ఉందని నమ్మను, బూడిదగా ఉందని తోసెయ్యను. నీళ్లలో వేసి కూర్చుంటాను. నా కోపాన్నీ అట్లాగే ఇన్నేళ్లు నానబెట్టాను. అదీ మోగింది.

ఆ రోజు జనగామలో మూడోసారి తట్టబోతుంటే వీరస్వామి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఇచ్చిన జవాబు ఇది:

"ఇంక కొట్టకు కొమురయ్యా. ఆ సప్పుడు నాకు ఎరుకనే. నువ్వు వీపు ఆనిచ్చి కూసున్న గోడ ఏందనుకున్నవ్? ఆమె బట్టీల ఆఖరు లారీ తెప్పిచ్చుకున్నది నేనే. నా పేరు చెప్తే ఇయ్యదని డ్రైవర్‌కు కూడ చెప్పలే. ఆమె ఇటుక పచ్చిదని ఊరికి చెప్పిన ఈ నోటితోనే, నా పిల్లలు పండే ఇంటికి వేరే ఇటుక వద్దన్న. పా, వస్త. నలుగుర్ల నిలబడి గిదే మాట చెప్త."